ఒకరిని మెచ్చుకోవాలంటే

మెస్సీ ఉప్పల్‌కు వచ్చి పోయాక కొన్నాళ్లపాటు నారాయణఖేడ్ చాయ్ హోటళ్లలో రాజకీయాలు వెనక్కి తగ్గాయి. 2025 డిసెంబర్ 13న ఆయన ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో కాసేపు బంతి తన్నాడు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా జెర్సీ వేసుకుని దిగాడు. అదే రోజు కోల్‌కతాలో మెస్సీ సరిగా కనబడలేదని జనం కుర్చీలు విరగ్గొడితే, ఇక్కడ అంతా సజావుగా జరిగింది. ఆ సంగతి చెప్పుకుని మనవాళ్లు కొంచెం గర్వపడ్డారు కూడా. ఆ పర్యటనకు నిర్వాహకులు పెట్టుకున్న పేరే ‘గోట్’. అంటే ఆటలో ఇంతవరకు పుట్టినవాళ్లందరికంటే గొప్పవాడని. తీర్పు పోస్టర్ మీదే అచ్చేశారు. ఇక వాదించడానికేముంది అనుకుంటాం. ఖేడ్ కుర్రాళ్లు అలా అనుకోలేదు.

ఈ ఊళ్లో పిల్లలు ఎక్కువగా ఆడేది క్రికెట్, కబడ్డీ. ఫుట్‌బాల్ మైదానంలో కంటే ఫోన్లలో ఎక్కువ. అయినా వాదన మాత్రం బ్రెజిల్‌లో పుట్టినవాళ్లలాగే చేస్తారు.

“మెస్సీకి అయిదు పెనాల్టీలిచ్చి కప్పు చేతుల వెట్టిన్రు” అంటాడొకడు.

“మీ రొనాల్డో వరల్డ్‌కప్ నాకౌట్ల ఒక్క గోలన్న కొట్టిండారా?” అని రెండోవాడు.

“పైసల కోసం మావోడు సౌదీకి పోయిండంటరు గానీ, మీవోడు అమెరికాకు తీర్థయాత్రకు పోయిండా?” అని మొదటివాడు మళ్లీ.

పక్క బల్ల మీద మిర్చిబజ్జీ తింటూ ఇదంతా వింటే ఒకటి తెలిసిపోతుంది. తనకిష్టమైన ఆటగాడి గురించి ఎవడూ మాట్లాడడు. మెస్సీ అభిమాని మాట్లాడేది రొనాల్డో గురించి, రొనాల్డో అభిమాని మాట్లాడేది మెస్సీ గురించి. ప్రేమ ఒకరి మీద, నోరు మరొకరి మీద. మన ఇళ్లలోనూ ఇది చూసిందే. పెద్దకోడలు వంట బాగా చేస్తుందని అత్తగారు అన్నారంటే, ఆ మాట చేరవలసింది చిన్నకోడలి చెవికి. పక్కింటి పిల్లాడి తెలివిని పొగిడామంటే మన పిల్లాడికి చీవాట్లు మొదలైనట్టే. మెచ్చుకోలు ఒట్టిగా రాదు మనకు, వెంట ఒక ఓడినవాణ్ణి తెచ్చుకుంటుంది.

ఈ అలవాటు పిల్లలకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకడానికి అర్జెంటీనా దాకా పోనక్కర్లేదు. ఎంసెట్ ఫలితాలొచ్చిన రోజు టీవీ పెడితే చాలు. ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ ఊపిరి తిప్పుకోకుండా ర్యాంకులు చదివే గొంతు తెలుగువాళ్లలో ఎవరికి తెలియదు? పరీక్ష పేరు ఎప్‌సెట్ అని మారినా ఆ గొంతు మారలేదు. ఖేడ్ నుంచి హైదరాబాద్ హాస్టళ్లకు వెళ్లిన పిల్లవాడు పండక్కి ఇంటికొస్తే, ఏం చదువుతున్నావనే ప్రశ్నకు ముందు “ఎంతొచ్చింది ర్యాంకు?” అన్న ప్రశ్న వస్తుంది. అయితే పరీక్ష ర్యాంకుకు ఒక కారణముంది. సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఏదో ఒక వరస పెట్టక తప్పదు. కానీ ఫుట్‌బాల్‌లో పీలేను మూడో స్థానంలో పెడితే ఎవరి సీటు పోతుంది? మారడోనాను మొదట నిలబెడితే ఎవరికి కౌన్సెలింగ్ పిలుపు వస్తుంది? ఏ అవసరమూ లేని చోట కూడా వరస పెట్టనిదే మనకు నిద్ర పట్టడం లేదు.

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా కూడా ఈ వాదనలో దిగి నవ్వులపాలైంది. 2000లో ‘శతాబ్దపు ఆటగాడు’ ఎవరో తేల్చాలని ఇంటర్నెట్‌లో ఓట్లు పెట్టింది. మారడోనాకు 53.6 శాతం వచ్చాయి, పీలేకు 18.5 శాతం. పెద్దాయనను ఇలా వదిలేస్తే ఎలాగని తమ పత్రిక పాఠకులను, నిపుణుల సంఘాన్ని కూడా అడిగారు. అక్కడ పీలే గెలిచాడు. చివరికి డిసెంబర్‌లో రోమ్‌లో సభ పెట్టి ఇద్దరికీ చెరో బహుమతి ఇచ్చారు. మారడోనా తనది తాను పుచ్చుకుని, పీలే వేదిక ఎక్కకముందే వెళ్లిపోయాడు. నేను ఇందులో ఎవరినీ తప్పుపట్టను. ఓటు వేసినవాళ్లలో చాలామంది మారడోనా ఆట టీవీలో చూసి పెరిగినవాళ్లు. పీలే ఆట వాళ్ల తండ్రులు చూసింది.

బ్యాలన్ డోర్ కథ ఇంకా విచిత్రం. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పత్రిక 1956లో మొదలుపెట్టిన ఈ బహుమతిని 1994 దాకా యూరప్ ఆటగాళ్లకే ఇచ్చింది. అందుకే మూడు ప్రపంచకప్పులు గెలిచిన పీలే పేరు ఆ జాబితాలో లేదు, మారడోనా పేరూ లేదు. 2016లో ఆ పత్రికే పాత లెక్కలు తిరగేసి, నిబంధన లేకపోతే పీలేకు ఏడు వచ్చి ఉండేవని రాసింది. మెస్సీకి ఎనిమిది వచ్చాయి. ఏడు పెద్దదా ఎనిమిది పెద్దదా అని కుర్రాళ్లు అడిగితే లెక్కల మాస్టారు ఏం చెప్పాలి? 1966 ప్రపంచకప్‌లో ప్రత్యర్థులు పీలే కాళ్ల మీద తన్ని తన్ని కుంటివాణ్ణి చేశారు. పోర్చుగల్‌తో మ్యాచ్‌లో ఆయన కుంటుతూనే మైదానంలో ఉండిపోయాడు, ఎందుకంటే బదులు ఆటగాణ్ణి దింపే నిబంధన అప్పటికి లేదు. ఎల్లో కార్డు, రెడ్ కార్డు వచ్చిందే 1970 ప్రపంచకప్‌లో. ఆ రోజుల గోలును ఈ రోజుల గోలు పక్కన పెట్టి లెక్కించడం ఒక చిక్కు. గోల్‌కీపర్‌ను, ఫార్వర్డ్‌ను ఒకే వరసలో నిలబెట్టడం ఇంకో చిక్కు. మా దగ్గర కందులను క్వింటాళ్లలో తూస్తారు, చెరుకును టన్నుల్లో. ఇద్దరు రైతుల కాటా చీటీలు పక్కపక్కన పెట్టి ఎవరు బాగా పండించారని అడిగితే, అడిగినవాడు వ్యవసాయం ఎరగడని తెలిసిపోతుంది.

ఖేడ్ వాదనలో ఒకరోజు ఆర్టీసీలో రిటైరైన ఓ చాచా కలగజేసుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్ డిపోలో పనిచేసి వచ్చినవాడు.

“పీలేకు ఎదురాడి గోల్ కొట్టిన హైదరాబాదీ ఎవడో చెప్పుండ్రి బేటా” అన్నాడు.

కుర్రాళ్లు అది జోకనుకున్నారు. జోకు కాదు. 1977 సెప్టెంబర్ 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ ఆడింది. మ్యాచ్ 2-2తో సమంగా ముగిసింది. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, ఒకటి మన మహమ్మద్ హబీబ్‌ది. హైదరాబాద్‌లో పుట్టి, కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడి, అక్కడ ‘బడే మియా’ అనిపించుకుని, తిరిగి హైదరాబాద్‌కే వచ్చి 2023 ఆగస్టు 15న కన్నుమూసిన హబీబ్. ఒక కుర్రాడు వెంటనే ఫోన్ తీసి వెతికాడు. మెస్సీ పేరు కొడితే వెయ్యి వీడియోలు వస్తాయి. హబీబ్ పేరు కొడితే ఫోటోలు, నివాళులు. ఆయన ఆట ఎలా ఉండేదో చూపించేది దాదాపు ఏమీ లేదు.

“వీడియో లేదు చాచా. మరెట్ల నమ్మాలె?” అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మనం తయారుచేసే జాబితాలన్నీ గొప్పవాళ్ల జాబితాలు కావు, కెమెరా ముందు పడ్డవాళ్ల జాబితాలు. కెమెరా లేని మైదానంలో ఆడినవాడు ఎంత ఆడినా ఆ వరసలో నిలబడలేడు. ఈ లెక్కన హైదరాబాద్ ఫుట్‌బాల్ మొత్తం వరస బయటే ఉండిపోయింది.

ఆ కాలం సామాన్యమైంది కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా అయిదేళ్లు వరసగా బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ అసలు వృత్తి బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా వల్ల ఆయన పేరు ఇప్పటివాళ్లకు కాస్త తెలిసింది. ఇక్కడొక పక్కమాట. అప్పట్లో మా ఖేడ్ బీదర్ జిల్లాలో ఉండేది. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు బీదర్ మైసూరుకు పోయింది, మేము ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం. రాష్ట్రం మాయమైనా దాని ఫుట్‌బాల్ జట్టు మాయం కాలేదు. 1956-57లోనూ 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచింది హైదరాబాదే. పటంలో లేని రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో ఉందన్నమాట.

రహీమ్ సాబ్ పిల్లలతో పెట్టించిన పోటీల గురించి విన్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. బలహీనమైన కాలితోనే బంతి తన్నాలని ఒక పోటీ. బంతిని తన దగ్గర ఉంచుకుని పరుగెత్తకుండా వెంటనే పక్కవాడికి అందించాలని ఇంకో పోటీ. ఎవడు అందరికంటే బాగా ఆడతాడో తేల్చే పోటీలు కావివి. ఎవడికి ఏది చేతకాదో దాన్ని కాస్త చేతనయ్యేలా చేసే పోటీలు. కుడికాలి మొనగాడు ఎడమకాలి పోటీలో అందరితోపాటు తడబడాల్సిందే. మన బళ్లలో ఇలాంటి పరీక్ష ఒక్కటైనా ఉందా అని ఆలోచిస్తే నాకేదీ తట్టలేదు.

1962 జకార్తా క్రీడలే తీసుకోండి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆడుతుంటే డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ణి ఎవరైనా బెంచీ మీద కూర్చోబెడతారు. రహీమ్ అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. జర్నైల్ సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో స్టేడియమంతా మన జట్టును ఎగతాళి చేసింది. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆ క్రీడలకు రానివ్వకపోవడం మీద భారత ప్రతినిధి మాట్లాడిన మాటలకు ఇండోనేషియావాళ్లకు కోపం వచ్చింది. జనంలో మనవాళ్ల తరఫున కేకలు వేసినవాళ్లు పాకిస్తాన్ హాకీ జట్టువాళ్లని చెబుతారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టి 2-1తో అదే కొరియాను ఓడించారు. ఈ జర్నైల్ సింగ్‌ను ఏ జాబితాలో పెడతారు? డిఫెండర్లలోనా, ఫార్వర్డ్‌లలోనా? అతణ్ణి నమ్మి ముందుకు పంపిన మాస్టారికి వరసలో ఎన్నో నంబరు? ఆయన ఆ గెలుపు తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు.

అదే జట్టులో ఉన్నవాడు తులసీదాస్ బలరామ్. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టాడు. ప్రాక్టీసుకు హైదరాబాద్ దాకా వచ్చే స్తోమత లేదంటే, అద్దె సైకిల్ కోసం రహీమ్ సాబ్ రోజుకో రూపాయి ఇచ్చేవాడట. ఆ రూపాయి సైకిల్ మీద వచ్చిన కుర్రాడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా కలకత్తా లీగ్‌లో 23 గోల్స్ చేశాడు. ముప్పై నిండకముందే ఊపిరితిత్తుల జబ్బు ఆటను లాగేసుకుంది. పి.కె., చునీ గోస్వామి, బలరామ్, ఈ ముగ్గురినీ కలిపి త్రిమూర్తులనేవాళ్లు.  మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు అర్జున మాత్రం దక్కింది. అది తనకు బాధేనని ఆయన దాచుకోకుండా చెప్పుకున్నాడు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో ఒంటరిగా బతికి 2023 ఫిబ్రవరి 16న పోయాడు.

ఇక్కడికి వచ్చేసరికి నా వాదనే నాకు అడ్డం తిరుగుతుంది. ర్యాంకులు ఒట్టి మాయ అని చెప్పడం ర్యాంకు వచ్చినవాడికి సులువు, అసలు పరీక్షే రాయనివాడికి ఇంకా సులువు. ముగ్గురు కలిసి ఆడి, ఇద్దరిని పిలిచి ఒకణ్ణి గుమ్మం బయట నిలబెడితే, ఆ ఒకడికి వేదాంతం చెప్పడం మర్యాద కాదు. బలరామ్ కోరింది మిగతా ఇద్దరికంటే పైన తన పేరు రాయమని అయి ఉండదని నా నమ్మకం. తననూ చూశారని ఎవరైనా చెప్పాలని. ఈ రెండు కోరికలూ బయటికి ఒకేలా కనబడతాయి. లోపల మాత్రం చాలా తేడా ఉంది. ఇంట్లో మూడో పిల్లవాడు అలిగినప్పుడు, అన్నకంటే నువ్వే మంచివాడివని చెబితే అలక తీరినట్టే ఉంటుంది, మర్నాడు అన్న అలుగుతాడు. వాడు గీసిన బొమ్మ దగ్గర కూర్చుని, ఈ ఎద్దు కొమ్ములు ఇట్లా వంచావేమిరా అని అడిగితే ఎవరూ అలగరు. పెద్దవాళ్లం కూడా అంతే. ఆఫీసులో ఉత్తమ ఉద్యోగి సర్టిఫికెట్ అటక మీద దుమ్ము పడుతుంది. ఫలానా ఫైలులో నువ్వు పట్టుకున్న తప్పు ఇంకెవరికీ కనబడేది కాదని పైఅధికారి ఒకనాడు అన్న మాట పెన్షన్ వయసులో కూడా గుర్తుంటుంది.

వరస పెట్టడంలో ఉన్న సుఖం ఏమిటంటే, పెట్టేశాక ఇక చూడనక్కర్లేదు. ఒకటో నంబరు మెస్సీ అని రాసేశాక మెస్సీ ఆటను కూడా చూడనక్కర్లేదు. ఖేడ్ కుర్రాళ్లలో చాలామంది మెస్సీ ఆడిన పూర్తి మ్యాచ్ చూసినవాళ్లు కారు. చూసేది గోల్స్ వీడియోలే. తొంభై నిమిషాల్లో ఆయన ఎక్కువసేపు నడుస్తూనే ఉంటాడనీ, నడుస్తూ మెడ తిప్పి అటూ ఇటూ చూసుకుంటూ ఉంటాడనీ, పరుగెత్తకుండానే ఖాళీ ఎక్కడుందో కనిపెడతాడనీ అర నిమిషం వీడియో చెప్పదు. అందులో నేర్చుకోవడానికి చాలా ఉంది, ఫుట్‌బాల్ ఆడనివాళ్లకు కూడా.

నమ్మకం సంగతి అడిగిన కుర్రాడికి చాచా జవాబు చెప్పాడు. హబీబ్ మెస్సీకంటే గొప్పోడని అంటాడేమో అనుకున్నాను. అనలేదు. లాల్ బహదూర్ స్టేడియంలో తాను చూసింది చెప్పాడు.

“మనిషి పెద్ద ఎత్తు గాదు బేటా. బంతి పోయినంక సుత వదలకపోతుండె. గుంజుకున్నోని ఎన్క ఉరుకుడే ఉరుకుడు. మళ్ల తెచ్చుకునేదాంక ఊకోకపోతుండె. గోల్ ఇంకెవడో కొడుతుండె గాని, అందరికంటె ఎక్కువ అలిసిపోయేది గాయిననే.”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కాసేపు ఆ మనిషిని చూశారు. వీడియో లేకుండానే చూశారు. అలిసిపోవడాన్ని గొప్పగా చెప్పిన మాట ఆ వాదన మొత్తంలో అదొక్కటే. అందులో ఎవరినీ దించలేదు కూడా. చాచా చెప్పిన హబీబ్ పక్కన మెస్సీ ఎప్పటిలాగే ఉన్నాడు, రొనాల్డో ఎప్పటిలాగే ఉన్నాడు. ఒకరు పెరిగితే ఇంకొకరు తగ్గాల్సిన అవసరం రాలేదు.

అట్లా అని నేను ఈ వాదనలు మానేయమనను. నలుగురు కూర్చుని ఎవరు గొప్ప అని కొట్లాడుకోవడంలో ఒక ఆనందం ఉంది. డబ్బు ఖర్చు లేదు, కులం గొడవ లేదు, రెండో చాయ్ ఎవరు తాగించాలన్న తగాదా తప్ప. మహమ్మద్ రఫీయా, ఘంటసాలా అని మా ముందుతరం, ఎన్టీఆరా ఏఎన్నారా అని ఇంకా ముందుతరం కొట్లాడుకున్నారు. వాళ్లెవరూ ఏమీ తేల్చలేదు, స్నేహాలూ చెడలేదు. అయితే ఆ వాదించినవాళ్లకు పాటలు నోటికి వచ్చేవి. చరణంలో ఏ చోట గొంతు ఎలా విరుగుతుందో పాడి చూపించి మరీ కొట్లాడేవాళ్లు. ఇప్పటివాళ్ల చేతిలో అంకెలున్నాయి. గోల్స్ ఎన్ని, అసిస్టులు ఎన్ని, ట్రోఫీలు ఎన్ని. అంకెతో గెలవొచ్చు గానీ పాడి చూపించడానికి వీల్లేదు.

ఆ రోజు చివర్లో మాట గుగులోతు సౌమ్య మీదికి మళ్లింది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన పిల్ల. బలరామ్, హబీబ్ ఆడిన ఈస్ట్ బెంగాల్‌కే ఆడుతూ 2024-25లో జాతీయ మహిళల లీగ్ గెలిచిన జట్టులో ఉంది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి బహుమతి కూడా అందుకుంది. ఖేడ్ చుట్టూ తండాలకు కొదవ లేదు. మన వైపు తండా పిల్ల ఇండియాకు ఆడుతోందని అక్కడున్న సగం మందికి తెలియదు. చెప్పినవాడు ఏ నంబరు అని చెబుతాడో అని నేను చూస్తున్నాను. మెస్సీ జెర్సీ వేసుకున్నవాడు అడిగింది వేరు.

“ఏడ ఆడుతది?”

“ముందటనే. వింగ్ల.”

“లెఫ్టా, రైటా?”

ఒకడు లెఫ్ట్ అన్నాడు, ఒకడు రైట్ అన్నాడు. ఫోన్ మళ్లీ బయటికొచ్చింది. ఈసారి వీడియోలు దొరికాయి.